పుస్తకం, పెన్సిల్ లేవా? మా పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు



పోయిన నెల గుమ్మనాయకనపాళ్యం కోట గురించి రాసినప్పుడు, తరువాత మన పాత సంతల గురించి రాస్తానని చెప్పినాను. అది మళ్ళీ రాస్తాను. ఈసారి వేరే చరిత్ర. రాజులు, కోటలు లేని చరిత్ర. విమానాల వెనక కూర్చున్న కంప్యూటర్ల చరిత్ర. మనకెందుకు ఇది అంటారేమో. దేవనహళ్ళి విమానాశ్రయం మన చిక్కబళ్ళాపురానికి ఎంత దూరం? నంది కొండ మీద నిలబడితే విమానాలు దిగేది కనబడుతుంది. బాగేపల్లి, చింతామణి నుంచి చదువుకున్న పిల్లలు హైదరాబాదు, పూణె, దుబాయి, అమెరికా పోయినారు. చావు అయినా పెళ్ళి అయినా వాళ్ళు విమానంలోనే రావాలి. అందుకే ఇది మన కథ కూడా.

మొదట మా ఇంట్లో జరిగింది చెప్తాను. 2024 జూలై 19, శుక్రవారం. ఆ పొద్దున మా పెదనాయన పోయినాడు. చింతామణి పక్క పల్లె. కొడుకు, అంటే మా అన్న, హైదరాబాదులో పని చేస్తాడు. ఫోను పోగానే మధ్యాహ్నం ఒంటి గంట దాటినాక ఉన్న విమానానికి టికెట్ తీసుకున్నాడు. లెక్క ప్రకారం రెండున్నరకల్లా దేవనహళ్ళిలో దిగి, నాలుగున్నరకు ఇంట్లో ఉండాలి. పొద్దు మునిగేలోపు కార్యం అయిపోవాలి. ఊర్లో అందరూ అదే అనుకుని కూర్చున్నారు.

శంషాబాద్‌లో అన్నకు కనబడింది జన సముద్రం. తెరలన్నీ ఆగిపోయినాయి. కౌంటర్ దగ్గర పిల్లలు పెన్నులు పట్టుకుని కాగితాల మీద పేర్లు రాస్తున్నారు. "ఇంకో గంట సార్" అన్నారు. గంట తరువాత "ఇంకో గంట" అన్నారు. అలా రాత్రి తొమ్మిదికి విమానం లేచింది. అర్ధరాత్రి దాటినాక అన్న ఇంటికి చేరినాడు. పెదనాయనను ఫ్రీజర్ పెట్టెలో పెట్టి, మరుసటి రోజు పొద్దున కార్యం చేసినాము. మధ్యాహ్నం పన్నెండుకే కారెక్కి ఉంటే రాత్రి తొమ్మిది పదికల్లా ఊర్లో ఉండేవాడు. ఈ మాట అన్న ఇప్పటికీ అంటుంటాడు.

పదకొండో రోజు చుట్టాలందరూ ఉన్నప్పుడు, మా పెద్దమ్మ అడిగింది. "ఆ కంప్యూటర్ చెడిపోతే చెడిపోయె. వాళ్ళ దగ్గర ఒక పుస్తకం, పెన్సిల్ లేవా? మీ పెదనాయన నలభై ఏండ్లు మండి లెక్క పుస్తకంలోనే రాసినాడు కదా. ఒక్కరోజు కూడా ఆగలేదే."

ఎవరూ జవాబు చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు, నాకు తెలియలేదు కాబట్టి. అప్పటి నుంచి చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

పెన్సిల్ ఉన్న కాలం

పెద్దమ్మ చెప్పింది తప్పు కాదు. ఒకప్పుడు విమాన సంస్థలు నడిచింది పుస్తకం, పెన్సిల్ మీదనే. అమెరికాలో పెద్ద సంస్థ అమెరికన్ ఎయిర్‌లైన్స్. లిటిల్ రాక్ అనే ఊర్లో వాళ్ళ టికెట్ గదిలో ఒక గుండ్రటి బల్ల ఉండేది. అది తిరుగుతుంది. దాని మీద ఒక్కో విమానానికి ఒక్కో కార్డు. చుట్టూ ఎనిమిది మంది కూర్చునేవారు. ఫోను వస్తే బల్ల తిప్పి, కార్డు తీసి, సీటు ఉందా లేదా చూసి, పక్కన గీత పెట్టేవారు. ఒక టికెట్ పూర్తి కావడానికి సగటున 90 నిమిషాలు పట్టేది. అది కూడా పక్క గదిలో ఇంకొకరు అదే సీటు అమ్మేయకుండా ఉంటే.

విమానాలు చిన్నవిగా, తక్కువగా ఉన్నప్పుడు ఇది చాలింది. జెట్ విమానాలు వస్తున్నాయి, జనం పెరుగుతున్నారు అనేసరికి బల్ల చాలలేదు. 1953లో లాస్ ఏంజలెస్ నుంచి న్యూయార్క్ పోయే విమానంలో ఇద్దరు పక్కపక్క సీట్లలో కూర్చున్నారు. ఒకరు అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి సి.ఆర్. స్మిత్. ఇంకొకరు ఐబీఎం కంపెనీలో అమ్మకాల మనిషి బ్లెయిర్ స్మిత్. ఇంటిపేరు ఒకటే కావడంతో మాట కలిసింది. సీట్ల లెక్క గురించి ఆయన తన బాధ చెప్పుకున్నాడు. ఈయన మా యంత్రం చూడండి అన్నాడు. ఆ మాటల్లో పుట్టిందే 'సేబర్' అనే వ్యవస్థ. రెండు ఐబీఎం 7090 కంప్యూటర్లు న్యూయార్క్ దగ్గర బ్రయర్‌క్లిఫ్ మేనర్ అనే చోట పెట్టినారు. 1960లో మొదలై, 1964కల్లా ఆ సంస్థ బుకింగ్ అంతా దాని మీదకు వచ్చేసింది. అప్పటి లెక్కలో సుమారు 4 కోట్ల డాలర్లు ఖర్చు. 90 నిమిషాల పని కొన్ని సెకన్లకు దిగింది.

దానికన్నా ముందే, 1949లో, 11 విమాన సంస్థలు కలిసి 'సీటా' అనే ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. ఒక్కో సంస్థ ఒక్కో తీగ వేసుకునేకన్నా, అందరికీ ఒకే సమాచార దారి ఉంటే ఖర్చు తక్కువ అని. మన ఊర్లో నలుగురు రైతులు కలిసి ఒక బోరు వేసుకున్నట్టు. నీళ్ళున్నంత కాలం అందరికీ లాభమే. మోటారు కాలిపోతే నలుగురి తోటలూ ఎండుతాయి. ఈ పోలిక గుర్తు పెట్టుకోండి, ముందుకు పోయేకొద్దీ పనికి వస్తుంది.

మన వైపు విమానం వచ్చిన తీరు

1953లో మన దేశం ప్రైవేటు విమాన సంస్థలన్నిటినీ ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. దేశం లోపల ఇండియన్ ఎయిర్‌లైన్స్, బయటికి ఎయిర్ ఇండియా. చాలా ఏండ్లు విమానం అంటే దొరల సొత్తు. మన తాలూకాల్లో విమానం ఎక్కినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బెంగళూరులో హెచ్ఏఎల్ విమానాశ్రయం ఉండేది, ఊరి నడుమ.

2003 ఆగస్టులో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టినాడు. తక్కువ ధర టికెట్లు, ఇంటర్నెట్‌లో అమ్మకం. 2006 ఆగస్టులో ఇండిగో వచ్చింది. 2007లో కోలారు నుంచి విడిపోయి మన చిక్కబళ్ళాపురం జిల్లా అయ్యింది. 2008 మార్చిలో శంషాబాద్, అదే ఏడాది మే 24న దేవనహళ్ళి విమానాశ్రయాలు తెరుచుకున్నాయి. అంటే మన జిల్లాకు, మన గడప దగ్గరి విమానాశ్రయానికి దాదాపు ఒకే వయసు. 2013లో దానికి కెంపేగౌడ పేరు పెట్టినారు.

తక్కువ ధర టికెట్ అంటే ఏమిటి? విమానం నేల మీద ఉంటే సంపాదన లేదు. గాలిలో ఉంటేనే సంపాదన. దిగిన విమానం అరగంటలో మళ్ళీ లేవాలి. ఆ అరగంటలో 180 మంది దిగాలి, 180 మంది ఎక్కాలి, సామాను మారాలి, ఇంధనం నిండాలి, శుభ్రం కావాలి. కౌంటర్‌లో మనుషులు తక్కువ ఉండాలి. ఈ లెక్క మొత్తం కంప్యూటర్ ఉంటేనే కుదిరేది. మనలాంటివాళ్ళకు విమానం అందుబాటులోకి వచ్చిందంటే కారణం ఈ కంప్యూటర్. అది ఆగితే మొదట ఇబ్బంది పడేదీ మనలాంటివాళ్ళే.

టికెట్ ఒక్కటే కాదు

మనం కంప్యూటర్ అంటే టికెట్ ఒక్కటే అనుకుంటాము. నిజానికి అయిదారు లెక్కలు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. సీటు అమ్మేది ఒకటి. విమానాశ్రయంలో మనల్ని లోపలికి తీసుకుని బోర్డింగ్ పాస్ ఇచ్చేది ఇంకొకటి. ఏ పైలట్, ఏ సిబ్బంది ఏ విమానంలో ఉండాలి, ఎన్ని గంటలు పనిచేసినారు అనేది మూడవది. ఏ దారిలో పోవాలో విమాన నియంత్రణ కేంద్రానికి చెప్పేది నాలుగవది. మరమ్మతుల లెక్క అయిదవది.

ఇంకా బరువు లెక్క. చింతామణి మండిలో టమోటా పెట్టెలు లారీకి ఎత్తేటప్పుడు చూడండి. అన్నీ వెనకనే పేరిస్తే ముందు చక్రాలు పట్టు తప్పుతాయి. డ్రైవర్ ఊరుకోడు. విమానంలో ఇది ఇంకా కఠినం. ఎంతమంది ఎక్కినారు, ఎక్కడెక్కడ కూర్చున్నారు, కింద అరలో ఎంత సామాను, ఎంత ఇంధనం అన్నీ కలిపి లోడ్ షీట్ తయారు కావాలి. అది చేతికి రాకుండా కెప్టెన్ విమానం కదిలించడు, కదిలించకూడదు. బోర్డింగ్ పాస్ చేత్తో రాస్తే సరిపోదు. రాసిన ప్రతి పేరూ ఈ లెక్కలోకి ఎక్కాలి. ఎక్కిన సామానుకు మనిషి ఉన్నాడా అని సరిచూడాలి. అందుకే ఆ శుక్రవారం కాగితం మీద పేర్లు రాసినా, విమానాలు గంటల కొద్దీ కదలలేదు.

ఆ శుక్రవారం అసలు ఏమైంది

క్రౌడ్‌స్ట్రయిక్ అని అమెరికా కంపెనీ ఒకటి. దొంగ ప్రోగ్రాములు కంప్యూటర్‌లోకి రాకుండా కాపలా కాసే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. పెద్ద కంపెనీలు, బ్యాంకులు, ఆసుపత్రులు, విమాన సంస్థలు దాన్ని కొంటాయి. 2024 జూలై 19న, మన టైము ప్రకారం పొద్దున 9 గంటల 39 నిమిషాలకు, ఆ కంపెనీ ఒక చిన్న ఫైలు ప్రపంచమంతా పంపింది. కొత్త దొంగల గుర్తులు నేర్పే ఫైలు. సాఫ్ట్‌వేర్ 20 అంశాలు వస్తాయని ఎదురు చూస్తుంటే, 21వ అంశం చదవమని కొత్త ఫైలు అడిగింది. లేనిదాన్ని చదవబోయి విండోస్ కంప్యూటర్ కుప్పకూలింది. నీలం తెర వచ్చి ఆగింది. మళ్ళీ వేస్తే మళ్ళీ కూలింది.

78 నిమిషాల్లో, 10 గంటల 57 నిమిషాలకు, కంపెనీ తప్పు సరిచేసింది. కానీ అప్పటికే సుమారు 85 లక్షల కంప్యూటర్లు పడిపోయినాయి. పడిపోయిన కంప్యూటర్‌కు మందు దూరం నుంచి పంపలేరు. చాలా చోట్ల ఒక్కో కంప్యూటర్ దగ్గరకు మనిషి పోయి, వేరే పద్ధతిలో తెరిచి, ఆ ఫైలు చేత్తో తీసేయాలి. కాపలా కుక్క యజమానినే కరిచినట్టు అయ్యింది. ఆ కుక్క ఒకటి కాదు, ప్రతి ఇంటి ముందూ అదే జాతి కుక్క.

అదే సమయానికి కొంచెం ముందు, అమెరికాలో మైక్రోసాఫ్ట్ కంపెనీ సర్వర్లలో వేరే తప్పు కూడా జరిగింది. రెండూ ఒకదాని వెంట ఒకటి రావడంతో ఎవరికి ఏది తగిలిందో ఆ రోజు విడదీయడం కష్టమైంది. మన దేశంలో చాలా విమాన సంస్థలు బోర్డింగ్ పనికి నావిటేర్ అనే ఒకే వ్యవస్థను వాడుతాయి. ఆ రోజు అది దెబ్బతింది. దేవనహళ్ళిలో పొద్దున 10 గంటల 40 నిమిషాల నుంచి ఇండిగో, అకాసా, స్పైస్‌జెట్, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ ఇబ్బంది పడినాయి. పేర్లు నాలుగు. బోరు మాత్రం ఒకటే. పైన చెప్పిన పోలిక ఇక్కడ పనికి వస్తుంది.

ఢిల్లీలో తెల్ల బోర్డు మీద మార్కర్‌తో విమానాల టైములు రాసినారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా పోయే ఒకాయన తన చేతిరాత బోర్డింగ్ పాస్ ఫోటో పెడితే లోకమంతా చూసింది. ఇండిగో ఒక్కటే దాదాపు 200 విమానాలు రద్దు చేసింది. అప్పటి విమానయాన మంత్రి మన శ్రీకాకుళం మనిషి కింజరాపు రామ్మోహన్ నాయుడు. శనివారం తెల్లవారుజామున మూడు గంటల నుంచి విమానాశ్రయాల్లో వ్యవస్థలు మామూలుగా పనిచేస్తున్నాయని ఆయన చెప్పినాడు. అమెరికాలో డెల్టా అనే సంస్థ అయిదు రోజులు కోలుకోలేక సుమారు 7,000 విమానాలు రద్దు చేసుకుంది.

ఇదే మొదటిసారి కాదు

చదివేకొద్దీ నాకు ఆశ్చర్యం వేసింది ఇక్కడే. ఇలాంటివి ముందు కూడా చాలా జరిగినాయి. ప్రతిసారీ కారణం చాలా చిన్నది.

2004 క్రిస్మస్ రోజు, అమెరికాలో కోమెయిర్ అనే సంస్థ ఆగిపోయింది. మంచు తుఫాను వల్ల సిబ్బంది డ్యూటీలు మళ్ళీ మళ్ళీ మార్చాల్సి వచ్చింది. వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్‌లో నెలకు 32,768 మార్పుల వరకే లెక్క పట్టేది. ఆ హద్దు ఉందని ఎవరికీ గుర్తు లేదు. హద్దు దాటగానే నిలిచిపోయింది. ఒక్క రోజులో 1,100 విమానాలు రద్దు. పైలట్లు ఉన్నారు, విమానాలు ఉన్నాయి. ఎవరు ఎక్కడ ఉన్నారో చెప్పే లెక్క లేదు.

2017 మే 27న లండన్‌లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ కంప్యూటర్ కేంద్రంలో కరెంటు పోయింది. తిరిగి ఇచ్చేటప్పుడు పద్ధతి లేకుండా ఒక్కసారిగా ఇవ్వడంతో యంత్రాలు పాడైనాయి. కరెంటు పోయి వచ్చేటప్పుడు మోటార్లు కాలేది మనకు బాగా తెలుసు కదా. 75,000 మంది చిక్కుకున్నారు.

2022 డిసెంబరులో సౌత్‌వెస్ట్ సంస్థ. అక్కడా మంచు తుఫానే. మిగతా సంస్థలు రెండు మూడు రోజుల్లో లేచినాయి. ఇది లేవలేదు. సిబ్బందిని కుదిర్చే పాత సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసింది. పైలట్లు తాము ఎక్కడున్నామో చెప్పడానికి ఫోను పట్టుకుని గంటలు గంటలు కాచుకున్నారు. పది రోజుల్లో దాదాపు 17,000 విమానాలు రద్దు. ఆ దేశ ప్రభుత్వం 14 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఆ సాఫ్ట్‌వేర్ పాతదని వాళ్ళ సిబ్బంది సంఘాలు ముందే మొత్తుకున్నాయి.

2023 జనవరి 11న అమెరికా మొత్తం విమానాలు లేవకుండా ఆపేసినారు. 2001 సెప్టెంబరు 11 తరువాత దేశమంతా అలా ఆపడం అదే మొదలు. పైలట్లకు హెచ్చరికలు పంపే వ్యవస్థలో ఒక కాంట్రాక్టు ఉద్యోగి పొరపాటున ఫైళ్ళు తీసేసినాడు. అసలు ప్రతిని, నకలు ప్రతిని సరిచేస్తుండగా జరిగింది.

అన్నిటికన్నా నా మనసుకు పట్టింది 2023 ఆగస్టు 28న బ్రిటన్‌లో జరిగింది. మనవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. మన తాలూకాలో ఎవరైనా గొల్లపల్లి అంటే ఏ గొల్లపల్లి అని అడుగుతాము. కొత్తపల్లి అంటే ఏ కొత్తపల్లి అంటాము. పాత పోస్ట్‌మన్ అయితే ఇంటిపేరు చూసి సరైన ఊరికి చేరుస్తాడు. విమానాల దారిలో కూడా గుర్తు స్థలాలకు చిన్న పేర్లు ఉంటాయి. ఆ రోజు లాస్ ఏంజలెస్ నుంచి పారిస్ పోయే ఒక విమానం దారి పత్రంలో 'డీవీఎల్' అనే గుర్తు రెండుసార్లు ఉంది. ఒకటి అమెరికాలోని డెవిల్స్ లేక్. ఇంకొకటి ఫ్రాన్స్‌లోని డోవిల్. రెండూ నిజమే, రెండూ సరైనవే. కంప్యూటర్ మాత్రం ఏ గొల్లపల్లి అని అడగలేకపోయింది. తప్పు దారి చూపేకన్నా ఆగిపోవడమే క్షేమమని ఆగిపోయింది. అది ఆగితే పని చూడాల్సిన రెండో కంప్యూటర్‌కు అదే పత్రం పోయింది. అదీ ఆగిపోయింది. రెండూ కలిపి అర నిమిషం కూడా పట్టలేదు. డ్యూటీలో ఉన్న ఇంజనీరు ఇంట్లో ఉన్నాడు. దూరం నుంచి సరిచేయలేక, ఆయన ఆఫీసుకు చేరడానికి గంటన్నర పట్టింది. 7 లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడినారు.

అక్కడ వాళ్ళు ఏమి చేసినారో చూడండి. పెద్దమ్మ చెప్పినట్టే చేత్తో ఎక్కించడం మొదలుపెట్టినారు. చేత్తో అయితే గంటకు సుమారు 60 విమానాల పత్రాలే ఎక్కేవి. కంప్యూటర్ గంటకు వందల్లో ఎక్కించేది.

మన దేశంలో కూడా వరసగా జరిగినాయి. 2019 ఏప్రిల్ 27 తెల్లవారుజామున ఎయిర్ ఇండియా వాడే సీటా వ్యవస్థ అయిదు గంటలకు పైగా ఆగింది. అవును, 1949లో పుట్టిన ఆ ఉమ్మడి బోరే. అయిదు గంటల ఆగుడుకు ఆ రోజంతా దాదాపు 150 విమానాలు ఆలస్యం. పొద్దున బస్సు తప్పితే సాయంత్రం వరకు మన పనులన్నీ తప్పుతాయి కదా, అట్లనే. 2019 నవంబరు 4న ఇండిగో సర్వర్లు, 2024 అక్టోబరు 5న మళ్ళీ ఇండిగో వ్యవస్థ మందగించింది. 2022 మేలో స్పైస్‌జెట్ మీద కంప్యూటర్ దొంగలు దాడి చేసినారు, పొద్దున విమానాలు ఆలస్యమైనాయి. 2025 నవంబరు 7న ఢిల్లీలో విమాన నియంత్రణ కేంద్రానికి సమాచారం చేర్చే వ్యవస్థ చెడింది. అక్కడి సిబ్బంది విమానాల దారి వివరాలు చేత్తో ఎక్కించినారు. 800కి పైగా విమానాలు ఆలస్యమైనాయి. ఢిల్లీలో ఆలస్యమైతే ఆ విమానమే తరువాత దేవనహళ్ళికి రావాలి కాబట్టి, ఆ ఆలస్యం మన దాకా వస్తుంది.

ఇందులో మన రైతుల మాట కూడా ఉంది. చిక్కబళ్ళాపురం తోటల గులాబీలు దేవనహళ్ళి నుంచే దేశదేశాలకు పోతాయి. చాలా సరుకు ప్రయాణికుల విమానాల కింద అరల్లోనే పోతుంది. మనిషి ఆలస్యమైతే ఒక రోజు పోతుంది. పూవు ఆలస్యమైతే ధర మొత్తం పోతుంది.

ముద్దేనహళ్ళి ఇంజనీరు నేర్పిన పాఠం

ఇన్ని కథలు చదివినాక నాకు మన ముద్దేనహళ్ళి మోక్షగుండం విశ్వేశ్వరయ్య గుర్తొచ్చినాడు. ఆయన పూర్వీకులు మోక్షగుండం నుంచి వచ్చిన తెలుగువాళ్ళని మనందరికీ తెలుసు. 1903లో పూణె దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన తనంతట తానే తెరుచుకునే గేట్లు పెట్టినాడు. నీళ్ళు హద్దు మీరితే గేటు తానే తెరుచుకుంటుంది. తగ్గితే తానే మూసుకుంటుంది. రాత్రి కాపలాదారు నిద్రపోయినా కట్ట తెగదు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచినాక, నిజాం ప్రభుత్వం పిలిపించింది కూడా ఆయననే. వరద రాకూడదని ఆయన ఆశపడి కూర్చోలేదు. వస్తే ఎక్కడ నిలవాలి, ఎటు పోవాలి అని ముందే ఆలోచించినాడు. ఆ ఆలోచనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అయ్యింది.

పైన చెప్పిన ప్రతి కథలో లేనిది ఆ రెండో గేటే. బ్రిటన్‌లో రెండో కంప్యూటర్ ఉంది, కానీ మొదటిదాని తప్పునే అదీ చేసింది. కోమెయిర్‌లో హద్దు ఉంది, హద్దు దాటితే ఏమి చేయాలో లేదు. క్రౌడ్‌స్ట్రయిక్ ఫైలు ముందు కొన్ని కంప్యూటర్లకు పంపి చూసి, తరువాత అందరికీ పంపి ఉంటే ఇంత జరిగేది కాదు. ఆ తరువాత ఆ కంపెనీ కూడా విడతలవారీగా పంపే పద్ధతికి మారింది. మన రైతు కొత్త మందు వస్తే మొదట ఒక సాలుకు కొట్టి చూస్తాడు. తోటంతా ఒకేసారి కొట్టడు. ఇంత పెద్ద కంపెనీకి ఈ చిన్న తెలివి 85 లక్షల కంప్యూటర్లు పడిపోయినాక వచ్చింది.

మనం ఏమి చేయాలి

చరిత్ర చెప్పి ఊరుకుంటే మా అన్నకు న్యాయం కాదు. మనవాళ్ళు గుర్తు పెట్టుకోవాల్సినవి కొన్ని.

ఒకటి. మన దేశంలో డీజీసీఏ నియమాలు ఉన్నాయి. రెండున్నర గంటల లోపు ప్రయాణం ఉన్న విమానం రెండు గంటలు ఆలస్యమైతే తిండి, నీళ్ళు అడగండి. అది వాళ్ళ దయ కాదు, మీ హక్కు. దేశంలోపలి విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమయ్యేట్టు ఉంటే, వేరే విమానం గానీ పూర్తి డబ్బు గానీ కోరుకోవచ్చు. రద్దయితే కూడా అంతే. తమ చేతిలో లేని కారణమైతే నష్టపరిహారం ఇవ్వనవసరం లేదని నియమంలో ఉంది. కానీ టికెట్ డబ్బుకు ఆ సాకు చెల్లదు. వినకపోతే కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌సేవాలో ఫిర్యాదు పెట్టండి.

రెండు. టికెట్ నంబరు, బోర్డింగ్ పాస్, ఇంటి నంబర్లు ఫోనులోనే కాకుండా ఒక కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. నవ్వకండి. ఆ శుక్రవారం కాగితమే పని చేసింది.

మూడు, ఇదే ముఖ్యం. చావు, ఆసుపత్రి, పరీక్ష లాంటి పని మీద పోతుంటే, విమానాశ్రయంలో అడుగుపెట్టగానే మీకు మీరే ఒక గడువు పెట్టుకోండి. ఈ టైముకు కదలకపోతే రోడ్డు పడతాను అని. "ఇంకో గంట" అనే మాట ఎవరి చేతిలోనూ లేదు, చెప్పే పిల్ల చేతిలో కూడా లేదు. ఆ పిల్ల మీద అరవకండి. దానికి తెలిసింది మీకు తెలిసినంతే. హైదరాబాద్ నుంచి బాగేపల్లి దాకా 44వ నంబరు హైవే ఉంది. అది ఏ కంప్యూటర్ మీదా నడవదు.

నాలుగు. ఇలాంటి రోజున దేవనహళ్ళిలో, శంషాబాద్‌లో చిక్కుకున్న మనవాళ్ళకు కారు కుదిర్చి, ఇంటికి కబురు చెప్పే ఇద్దరు ముగ్గురి పేర్లు మన సంఘంలో ఉండాలని నా మనవి. వచ్చే సమావేశంలో మాట్లాడుదాము. బెంగళూరు నుంచి చింతామణికి, బాగేపల్లికి రాత్రిపూట వచ్చే డ్రైవర్లు మనలోనే ఉన్నారు. పేర్లు ఇవ్వగలిగినవాళ్ళు నాకు చెప్పండి.

పోయిన వారం పెద్దమ్మను చూడడానికి పోయినప్పుడు ఇదంతా చెప్పినాను. "పుస్తకం, పెన్సిల్ ఉన్నాయి పెద్దమ్మా, రాసినారు కూడా. కానీ పెదనాయన మండిలో రోజుకు రాసింది కొన్ని వందల పెట్టెలు. అక్కడ ఒక్క పూటలో వేలమంది. పుస్తకం రాయగలిగిన మనుషులను తీసేసి యంత్రం పెట్టినారు. యంత్రం ఆగితే పుస్తకం తెచ్చేవాళ్ళు లేరు" అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించింది. "అయితే పుస్తకం రాసేది ఇద్దరికైనా నేర్పి పెట్టుకోవాల్సింది" అంది.

నేను చదివిన నివేదికలన్నీ చివరికి చెప్పింది కూడా ఇదే మాట.

ఇట్లు,
మీ సంఘం సభ్యుడు